ఓయా నుంచి బయోనా దాకా

పోర్చుగల్‌లోని పోర్టోలో మొదలై, అట్లాంటిక్ తీరం వెంబడి స్పెయిన్‌లోకి వచ్చి సాంతియాగో దె కంపొస్తేలా అనే క్రైస్తవ పుణ్యక్షేత్రం చేరే యాత్రామార్గంలో ఈ రోజు మా నడక ఓయా నుంచి బయోనా వరకు, సుమారు 18 కిలోమీటర్లు సాగింది. తెల్లవారేసరికి సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రాచీన సిస్టర్షియన్ (కేథలిక్ సన్యాసుల శాఖ) మఠం గోడలు తుంపరకు తడిసి నల్లబడి ఉన్నాయి.

మొదటి రెండు గంటలూ ఎడమ చెవిలో అలల హోరు తప్ప మాటలేమీ లేవు. ఆ తరువాత నా మడమ బొబ్బ ఎక్కి నేను వెనకబడగా, రెండు రోజుల క్రితం వరకు ముఖపరిచయమైనా లేని ఒక ఇటలీ పెద్దావిడ బండమీద కూర్చోబెట్టి, సూదిని నిప్పుతో కాల్చి, నీరు తీసి, గుడ్డపట్టీ అంటించారు. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆమె మందలింపు మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. (కొత్త బూట్లతో బయలుదేరిన తెలివి నాదే.)

దారి తీరాన్ని వదిలి కొండ ఎక్కేచోట, పాత బండ్ల చక్రాలు రాతిలో అరగదీసిన గాడులలో వాననీరు నిలిచి ఉంది. పసుపుపచ్చని బాణపు గుర్తులను వెతుక్కుంటూ దిగితే బయోనా రేవు కనిపించింది. అమెరికా వార్తతో 1493 మార్చి 1న కొలంబస్ ఓడల్లో ఒకటైన పింటా నౌక చేరినది ఇక్కడికే.

ఆవిడ నాకన్నా ముందే చేరి, యాత్రాపుస్తకంలో ముద్ర వేయించుకుని, బస గుమ్మంలో నా బూట్ల వంకే చూస్తున్నారు.