నమీబియా గ్రావెల్ మీద వైజాగ్ అలవాట్లు

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి మోటార్‌సైకిల్ మీద ఉత్తరానికి బయల్దేరితే తారు రోడ్డు హాయిగా సాగిపోతుంది. మనలాగే ఎడమ వైపు నడపడమే. ఆరెంజ్ నది దగ్గర సరిహద్దు దాటి నమీబియాలోకి వెళ్లాక కూడా బీ1 హైవే తారుదే. దాన్ని వదిలి ఎడారిలోని సెస్రియం వైపు తిరిగితే గ్రావెల్, అంటే కంకర రోడ్డు, మొదలవుతుంది. అనంతగిరి ఘాట్‌లో వంపులు ఒడుపుగా తిప్పే చెయ్యి అక్కడ పెద్దగా అక్కరకు రాదు.

మొదట టైర్లలో గాలి సంగతి. తారు మీద ముందు టైరుకి 25, వెనక టైరుకి 32 పీఎస్‌ఐ పెట్టే హిమాలయన్ 411 బైకుకి గ్రావెల్ మీద 21, 26 చాలు. ఇంకా దించితే పట్టు పెరుగుతుంది కానీ, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఒకటే అతికించి రెండోది చూసుకోకపోతే టైరు మళ్లీ విప్పాల్సిందే. 21 అంగుళాల ముందు ట్యూబులు రెండు పట్టుకెళ్లండి. తప్పనిసరైతే వెనక 17 అంగుళాల టైరులో కూడా దాన్నే మడతపడకుండా సర్ది కొంతదూరం లాగించవచ్చు. బయల్దేరే ముందే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీ చేతులతో రెండు టైర్లూ విప్పి ఎక్కించండి. ట్యూబులో కాస్త గాలి ఉంచి ఎక్కిస్తే లీవర్ కింద నలగదు.

రోడ్డుకి అడ్డంగా అలల్లా లేచిన గతుకులే అసలు పరీక్ష. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో వెళ్తే పళ్లు కొట్టుకుంటాయి. 60–70లో చక్రం అలల తలల మీదుగా పోతుంది, ఒళ్లు కుదుటపడుతుంది. కానీ అప్పుడు టైరు నేలని సగమే పట్టుకుంటుంది కాబట్టి బ్రేకు దూరం బాగా పెరుగుతుంది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, కార్ల చక్రాల జాడలోనే పోవాలి. మధ్యలో పోగుపడిన గుల్ల కంకర మీద ముందు బ్రేకు ముట్టుకోవద్దు.

ఆ అదురుకి బోల్టులు వదులవుతాయి. క్యారియర్, అద్దాలు, హ్యాండిల్ క్లాంపు బోల్టుల మరలకి నీలం లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) పెట్టి, బోల్టు తల నుంచి ఫ్రేము మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగిందంటే బోల్టు తిరిగినట్టే. పెట్రోలు పోయించే ప్రతిచోటా ఒక చూపు చాలు. క్యారియర్ వెల్డింగ్ దగ్గర పెయింటు వెంట్రుకంత చీలినా అప్పుడే బరువు దించేయాలి.

ఉప్పుగాలికి భయపడి మనం చైన్‌కి నూనె దట్టంగా పట్టిస్తాం. ఎడారిలో ఆ జిడ్డుకి ఇసుక పట్టి, గరుకు ముద్దై స్ప్రాకెట్ పళ్లని అరగదీస్తుంది. రోజూ సాయంత్రం కిరోసిన్ గుడ్డతో తుడిచి, పల్చగా రాసి, మిగిలింది తుడిచేయడమే మేలు.

ఎడారిలోని చిన్న ఊరు సాలిటేర్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న వాల్విస్ బే దాదాపు 230 కిలోమీటర్లు. మధ్యలో బంకు లేదు. ట్యాంకు సగం ఉన్నా సాలిటేర్‌లో నింపాల్సిందే, ఎదురుగాలికీ ఇసుకకీ మైలేజీ పడిపోతుంది. సందెవేళ కుడు జింకలు రోడ్డెక్కుతాయి, అప్పటికి బండి ఆగి ఉండాలి. ఎటోషా వన్యప్రాణుల పార్కులోకి మోటార్‌సైకిళ్లని రానివ్వరు.

జూలై అక్కడ చలికాలం, ఎడారిలో తెల్లవారుజామున గడ్డకట్టే చలి. అట్లాంటిక్ ఒడ్డున చల్లటి ప్రవాహం వల్ల పొగమంచు దిగుతుంది. ఆ ఒడ్డునే ఉన్న హెంటిస్ బే ఊరు దాటాక ఉప్పు, జిప్సం కలిపి గట్టిపరిచిన రోడ్డు వస్తుంది. పొడిగా ఉంటే తారులా నున్నగా ఉంటుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. మంచు విడిచి రోడ్డు రంగు తేలేదాకా ఆగండి. ఆ రాత్రికి బండిని మంచినీళ్లతో కింది దాకా కడిగి, చైన్‌కి నూనె దట్టంగానే పెట్టండి. అక్కడ మాత్రం వైజాగ్ అలవాటే సరైనది.