వింబుల్డన్‌లో మహిళల సింగిల్స్ చూడటానికి క్యూలో ఒక రాత్రి: నా అనుభవం

వింబుల్డన్‌లో ప్రధాన కోర్టయిన సెంటర్ కోర్ట్ లోపల కూర్చుని మహిళల సింగిల్స్ మ్యాచ్ చూడాలంటే, ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసుకుంటూ బతికే నాబోటి మామూలు ప్రేక్షకురాలికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది బ్యాలట్. 1924లో మొదలైన ఈ పద్ధతిలో, టోర్నమెంట్‌కు చాలా నెలల ముందే మైవింబుల్డన్ ఖాతా ద్వారా పేరు నమోదు చేసుకోవాలి, లాటరీలో పేరు వస్తే ఏ రోజుకు, ఏ కోర్టుకు టికెట్ ఇస్తే దాన్నే తీసుకోవాలి. మహిళల మ్యాచ్ కావాలనో, ఫలానా క్రీడాకారిణి ఆట కావాలనో అడగటానికి వీలుండదు. వచ్చిన టికెట్‌ను వేరొకరికి బదిలీ చేయటానికీ వీల్లేదు. రెండవది క్యూ, అంటే ఆ రోజు ఆటకు వరుసలో నిలబడి టికెట్ కొనుక్కోవటం. బ్యాలట్‌లో నాకు ఎన్నడూ అదృష్టం కలిసిరాలేదు కనుక 2024లో క్యూనే నమ్ముకున్నాను. ఎవరి ఆట చూడాలో ఆ రోజు మనమే ఎంచుకోగలిగే దారి అదొక్కటే కాబట్టి, బ్యాలట్ తగిలి ఉన్నా కూడా క్యూ మేలని ఇప్పుడు నా అభిప్రాయం.

రోజును ఎంచుకోవటంలోనే సగం పని ఉంది. వింబుల్డన్ ఆనవాయితీ ప్రకారం తొలి సోమవారం సెంటర్ కోర్ట్‌లో ఆటను నిరుటి పురుషుల విజేత ప్రారంభిస్తే, మంగళవారం నిరుటి మహిళా విజేత ప్రారంభిస్తుంది. 2024లో ఆ మంగళవారం జూలై 2న వచ్చింది, ఆ గౌరవం చెక్ క్రీడాకారిణి మార్కెటా వొండ్రుషోవాది. 2023లో ఆమె ప్రపంచ ర్యాంకు 42. సీడింగ్ (మేటి ఆటగాళ్లకు టోర్నీ ముందే ఇచ్చే వరుస స్థానం) కూడా లేకుండా వచ్చి, ఫైనల్లో ట్యునీసియాకు చెందిన ఆన్స్ జాబర్‌ను 6-4, 6-4తో ఓడించి, వింబుల్డన్ మహిళల సింగిల్స్ గెలిచిన తొలి అన్‌సీడెడ్ క్రీడాకారిణిగా నిలిచింది. అంతకు ముందు ఏడాది మణికట్టుకు శస్త్రచికిత్స జరిగి, చేతికి కట్టుతోనే లండన్ వచ్చి, క్వాలిఫయింగ్ (అర్హత పోటీలు) ఆడుతున్న స్నేహితురాలిని ఉత్సాహపరచి వెళ్లింది. బలంగా కొట్టటం కంటే ఎడమచేతి వాటంతో బంతిని తిప్పటం, ప్రత్యర్థి వెనక గీత దగ్గర ఉండగా నెట్ పక్కనే నెమ్మదిగా రాల్చే డ్రాప్ షాట్ ఆమె ఆటలో నాకు నచ్చే విషయాలు. ఆమెను చూడాలన్నదే నా కోరిక.

నేను హైదరాబాద్‌లో పెరిగిన దాన్ని. 2005లో సానియా మీర్జా వింబుల్డన్ సింగిల్స్ రెండవ రౌండ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాతో మూడు సెట్లు పోరాడి ఓడినప్పుడు, మా వీధిలో క్రికెట్ తప్ప మరో ఆట పేరెత్తని వాళ్లు కూడా టీవీల ముందు నుంచి లేవలేదు. సానియా సింగిల్స్‌లో ఇక్కడ ఆ రెండవ రౌండ్ దాటలేదు. 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలవటం వేరే కథ. అయినా పచ్చిక కోర్టు మీద మహిళల సింగిల్స్ అనగానే నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ ఓడిన మ్యాచే.

క్యూకు వెళ్లేవారు దిగవలసింది వింబుల్డన్ స్టేషన్‌లో కాదు, డిస్ట్రిక్ట్ లైన్ మీద ఉన్న సౌత్‌ఫీల్డ్స్‌లో. అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే వింబుల్డన్ పార్క్ ఉంది. సెంటర్, నంబర్ వన్, నంబర్ టూ కోర్టులలో ఒక్కొక్క దానికి రోజుకు దాదాపు 500 టికెట్లను క్యూలో వచ్చిన వారికి కేటాయిస్తారు. ఆ తర్వాత వచ్చిన వారికి గ్రౌండ్ పాస్ మాత్రమే దొరుకుతుంది, దానితో బయటి కోర్టులలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చు. సెంటర్ కోర్ట్ టికెట్ కావాలంటే ముందు రోజే వెళ్లి రాత్రి డేరాలో పడుకోవటం తప్పదు. అందుకని నేను, మా ఆడపడుచు సోమవారం మధ్యాహ్నమే సామాను సర్దుకుని బయలుదేరాం.

పార్కులో క్యూ చివర ఎక్కడుందో తెలిసేలా ఒక జెండా పట్టుకుని నిలబడతారు. అక్కడికి చేరగానే తేదీ, వరుస సంఖ్య ఉన్న క్యూ కార్డు చేతికందుతుంది. మాది మూడు వందలు దాటిన సంఖ్య కావటంతో మనసు కుదుటపడింది. నిబంధనలు కొద్దివే కానీ ఖచ్చితమైనవి. ఇద్దరు పట్టే డేరా కంటే పెద్దది వేయకూడదు. ఇంకా రాని వారి కోసం చోటు పట్టి ఉంచకూడదు. మరుగుదొడ్డికో, తిండికో వెళితే అరగంటలోగా తిరిగి రావాలి. రాత్రి పది దాటాక సద్దు చేయకూడదు. ఒక మనిషికి ఒకే టికెట్, అదీ స్వయంగా హాజరైతేనే. ఈ చివరి నిబంధన వల్లనే క్యూలో బ్లాకు బేరాలకు తావు లేకుండా పోయింది.

“వదినా, ఇది అచ్చం తిరుమల సర్వదర్శనమే” అన్నది మా ఆడపడుచు, డేరా మేకులు దిగ్గొడుతూ. నాకైతే ఇక్కడ తోపులాట లేకపోవటమే వింతగా తోచింది. డేరాలు గీత గీసినట్టు వరుసల్లో ఉన్నాయి, మా వెనక వచ్చిన వాళ్లు మా డేరాకు కొసన కచ్చితంగా తమది ఆనించి వేసుకున్నారు. పక్క డేరాలో లీడ్స్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు ఉన్నారు. ఆమె వచ్చింది మరునాడు సెంటర్ కోర్ట్‌లో ఆడవలసిన ఆండీ ముర్రే కోసం. మా చుట్టుపక్కల పది డేరాలలో విచారిస్తే, మహిళల సింగిల్స్ కోసమే వచ్చామని చెప్పిన వారు చాలా తక్కువ. మేం తెచ్చుకున్న పులిహోర ఆవిడకు కొంచెం పెడితే, మిరపకాయను పక్కకు తీసి, వేరుశనగలను ఒక్కొక్కటిగా ఏరుకుని తిన్నారు. జూలై నెల అని తేలికపాటి దుప్పటి తీసుకువెళ్లే వారికి ఒక మాట చెప్పాలి. తెల్లవారుజామున ఆ గడ్డి మంచుతో తడిసి, డేరా అడుగు నుంచి చలి పైకి వస్తుంది, స్లీపింగ్ బ్యాగ్ కింద పరుచుకోవటానికి మందపాటి చాప ఉంటే తప్ప నిద్ర పట్టదు.

వెలుగు వచ్చీ రాకముందే స్టీవార్డులు (క్యూను చూసుకునే సిబ్బంది) డేరాల మధ్య తిరుగుతూ అందరినీ లేపారు. డేరాలు విప్పి, మడిచి, అక్కడే ఉన్న లెఫ్ట్ లగేజ్‌లో అప్పజెప్పాలి, లోపలికి చిన్న సంచి మాత్రమే అనుమతిస్తారు. తర్వాత మనుషులను దగ్గరగా నిలబెట్టి, వరుస సంఖ్య ప్రకారం చేతికి పట్టీలు కట్టుకుంటూ వచ్చారు. ఏ కోర్టు కావాలో చెప్పవలసింది అప్పుడే. నంబర్ వన్ కోర్టులో ఆ రోజు ప్రపంచ నంబర్ వన్ ఇగా స్వియాటెక్, ఆస్ట్రేలియన్ ఓపెన్ మాజీ విజేత సోఫియా కెనిన్‌తో ఆడబోతోంది. కాగితం మీద చూస్తే అదే మంచి మ్యాచ్. మా ఆడపడుచు అటు మొగ్గింది కూడా. నేను మాత్రం సెంటర్ కోర్ట్ పట్టీయే కట్టించుకున్నాను, ఇద్దరం విడిపోవటం ఇష్టం లేక ఆమె కూడా నాతోనే వచ్చింది. ఆ ఉదయమే ముర్రే సింగిల్స్ నుంచి తప్పుకున్నాడన్న వార్త ఫోన్లలోకి వచ్చింది. వెన్నుకు శస్త్రచికిత్స జరిగి అప్పటికి పది రోజులే. లీడ్స్ ఉపాధ్యాయురాలు ఫోన్ సంచిలో పడేసి, “సరే, ఇక మీ అమ్మాయినే చూస్తాను” అన్నారు.

టికెట్ కిటికీ దగ్గర నగదు చెల్లదు, కార్డు తప్పనిసరి. పది గంటలకు ద్వారాలు తెరిచారు. సెంటర్ కోర్ట్‌లో ఆట ఒకటిన్నరకు మొదలవుతుంది కనుక, పదకొండు గంటలకే ఆట మొదలయ్యే బయటి కోర్టుల వైపు వెళ్లాం. మహిళల సింగిల్స్‌ను నిజంగా దగ్గరగా చూడగలిగేది అక్కడే. గీతకు కొన్ని అడుగుల దూరంలో బల్ల మీద కూర్చుంటే, బంతి రాకెట్‌కు తగిలిన చప్పుడు, కోర్టు మారేటప్పుడు క్రీడాకారిణి తనలో తాను గొణుక్కునే మాటలు కూడా వినిపిస్తాయి. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తుకు కోసిన రై గడ్డి రెండవ రోజున ఇంకా పచ్చగా, జారుడుగా ఉంటుంది. వెనక గీత దగ్గర మట్టి తేలేది రెండవ వారంలోనే. ఆ జారుడులో దిశ మార్చుకోవటానికి ఆగి, చిన్న చిన్న అడుగులు వేయవలసి రావటం టీవీలో అంతగా కనిపించదు. చారల చొక్కాల లైన్ జడ్జీలు “అవుట్” అని అరవటం కూడా అప్పుడే విన్నాను. 2025 నుంచి వారి స్థానంలో ఎలక్ట్రానిక్ వ్యవస్థ వచ్చింది.

వొండ్రుషోవా ప్రత్యర్థి స్పెయిన్‌కు చెందిన జెస్సికా బౌజాస్ మనేరో. వయసు 21, ర్యాంకు 83, గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో (ప్రధాన పోటీలో) అంతవరకు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అటు వొండ్రుషోవా ఆరవ సీడ్, అయితే బెర్లిన్ టోర్నీలో జారిపడి తుంటికి దెబ్బ తగిలించుకుని వచ్చింది. చాంపియన్‌కు దక్కవలసిన చప్పట్లు గట్టిగానే మోగాయి కానీ, కొద్ది గేముల్లోనే అందరికీ పరిస్థితి అర్థమైంది. రెండవ సర్వీస్ నెట్‌లోకో, గీత బయటికో పోతూ డబుల్ ఫాల్టులు మళ్లీ మళ్లీ వచ్చాయి. నాకెంతో ఇష్టమైన ఆ డ్రాప్ షాట్ వేయటానికి ఆమె బంతిని ముందుగా తన అదుపులోకి తెచ్చుకోవాలి, స్పెయిన్ అమ్మాయి అందుకు వ్యవధి ఇవ్వలేదు. మట్టి కోర్టుల దేశం నుంచి వచ్చినా, బంతి లేచీ లేవకముందే గీత మీద నిలబడి కొట్టింది, సర్వీస్ తిరిగి ఇచ్చేటప్పుడు ఒక అడుగు కూడా వెనక్కి వేయలేదు. తొలి సెట్ 6-4తో ఆమెదే. రెండవ సెట్లో చాంపియన్ కోలుకుంటుందని నా ముందు వరుసలో ఒకాయన పక్కవారికి ధీమాగా చెబుతూనే ఉన్నాడు. అది 6-2తో ముగిసింది.

తొలి రౌండ్‌లోనే డిఫెండింగ్ మహిళా చాంపియన్ ఓడటం 1994 తర్వాత అదే మొదటిసారి. అప్పుడు స్టెఫీ గ్రాఫ్‌ను అమెరికాకు చెందిన లోరీ మెక్‌నీల్ ఓడించింది. నేను రాత్రంతా చలిలో పడుకుని చూడటానికి వచ్చిన క్రీడాకారిణి గంట పైచిలుకులో సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. అందుకు నేను నొచ్చుకోలేదు. ముందే తెలిసిన ఫలితాన్ని చూడటానికి అంత శ్రమ అవసరం లేదు. “ఇంతేనా? మగవాళ్లదైతే కనీసం మూడు గంటలు చూసేవాళ్లం” అని మెట్ల దగ్గర ఒక యువకుడు విసుక్కున్నాడు. ఆట విలువను గడియారంతో కొలిచే ఈ వాదన పాతది. 2007లో వింబుల్డన్ మహిళలకు, పురుషులకు సమానంగా బహుమతి సొమ్ము ఇవ్వటం మొదలుపెట్టినప్పుడూ ఇదే వినిపించింది. ఆ రోజే తర్వాత అదే కోర్టులో నొవాక్ జొకోవిచ్ ఐదు గేములు మాత్రమే ఇచ్చి, మూడు వరుస సెట్లలో గెలిచిన మ్యాచ్ కూడా చూశాను. అందులో ఒక్క నిమిషమైనా ఉత్కంఠ లేదు.

టికెట్ లేనివారికి మరొక మార్గం కూడా ఉందని ఆ సాయంత్రమే తెలిసింది. సెంటర్ కోర్ట్ నుంచి ముందుగా వెళ్లిపోయేవారు తిరిగి ఇచ్చే టికెట్లను, గ్రౌండ్ పాస్‌తో వచ్చినవారికి తక్కువ ధరకు మళ్లీ అమ్ముతారు, ఆ సొమ్ము ధర్మకార్యాలకు పోతుంది. రాత్రి డేరాలో పడుకునే ఓపిక లేని వారు ఉదయం వచ్చి గ్రౌండ్ పాస్ కొనుక్కుని, మధ్యాహ్నం ఈ వరుసలో చేరటం తెలివైన పని.

బౌజాస్ మనేరో మూడవ రౌండ్ దాకా వెళ్లి, బార్బోరా క్రెజికోవాతో ఆడుతూ మధ్యలోనే వైదొలిగింది. 31వ సీడ్ క్రెజికోవాయే ఆ ఏడాది ఫైనల్లో జాస్మిన్ పావోలినిని 6-2, 2-6, 6-4తో ఓడించి విజేత అయింది. ఆ ఫైనల్ నేను ఇంట్లో టీవీలోనే చూశాను, ఎందుకంటే చివరి నాలుగు రోజులకు సెంటర్ కోర్ట్ టికెట్లు క్యూలో అమ్మరు. గురువారం జరిగే మహిళల సెమీఫైనల్స్, శనివారం ఫైనల్ గ్రౌండ్ పాస్‌తో వచ్చినవారు బయట గుట్ట మీద కూర్చుని పెద్ద తెరపైన చూడవలసిందే. క్యూ ద్వారా సెంటర్ కోర్ట్ లోపలికి వెళ్లి చూడగలిగే చివరి మహిళల సింగిల్స్ మ్యాచులు రెండవ వారం మంగళ, బుధవారాలలో జరిగే క్వార్టర్ ఫైనల్స్. మా ఆడపడుచు ఆ మంగళవారానికి ఇప్పటి నుంచే సెలవు అడిగి పెట్టుకుంది. చాప మాత్రం ఈసారి రెండు తీసుకువెళ్లాలని చెప్పింది.