కాలువ గట్టు మీద శక్తిమాన్

సూపర్ హీరోల కథల్లోకి అస్తిత్వ రాజకీయాలను తెచ్చి పాడుచేస్తున్నారన్న మాట ఈ మధ్య మా అమలాపురం కుర్రాళ్ల నోట కూడా వింటున్నాను. కొత్త సినిమా ట్రైలర్‌లో నల్లజాతి మనిషో, ముస్లిం అమ్మాయో ఆ వేషంలో కనిపిస్తే చాలు, "మాకు కథ కావాలి గాని ఈ గొడవలన్నీ ఎందుకండీ?" అంటున్నారు. వాళ్లలో కొందరు ఈ కామిక్స్‌ను నాకంటే శ్రద్ధగా చదివినవాళ్లు కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. అయితే ఈ కథలు పుట్టినప్పుడు వీటిలో కులం, మతం, జాతి ఏవీ లేవనీ, నిన్నగాక మొన్న ఎవరో పనిగట్టుకుని ఎక్కించారనీ వాళ్లు నమ్ముతున్నారు. ఆ నమ్మకంతోనే నాకు పేచీ.

1938లో సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. పుట్టిన లోకం నాశనమైపోగా పరాయి నేల మీద పెరిగి, అసలు పేరు దాచుకుని, అక్కడివాళ్ల పేరు పెట్టుకుని ఉద్యోగం చేసుకునేవాడి కథను వాళ్లు రాశారంటే, అది ఎవరి గుండెల్లోంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. 1941 మార్చి తేదీతో వచ్చిన కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్ట మీద హీరో హిట్లర్ దవడ పగలగొడుతూ ఉంటాడు. అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగనే లేదు. ఆ సంచికను తయారుచేసిన జో సైమన్, జాక్ కిర్బీ కూడా యూదులే.

వీటన్నిటికంటే నన్ను పట్టి ఊపినది సూపర్ హీరో కథ కాదు గాని, అదే కామిక్స్ లోకానికి చెందిన ఏడు పేజీల చిన్న కథ. 1953లో ఈసీ కామిక్స్ వేసిన ఆ కథ పేరు "జడ్జ్‌మెంట్ డే". భూమి నుంచి టార్ల్టన్ అనే అధికారి మరమనుషులు నివసించే ఒక గ్రహానికి తనిఖీకి వెళతాడు. అక్కడ నారింజ రంగు మరమనుషులదే పెత్తనం. నీలం రంగు వాళ్లు ఊరికి ఆ చివర వేరే పేటలో ఉండాలి, బస్సులో వెనక కూర్చోవాలి. కర్మాగారంలో విప్పి చూస్తే లోపలి సామానంతా ఒక్కటే, పై రేకు రంగు ఒక్కటే తేడా. మీరింకా మాలో కలవడానికి తగరని చెప్పి ఆ అధికారి తన ఓడ ఎక్కి, శిరస్త్రాణం తీస్తాడు. చివరి బొమ్మలో ఉన్నది నల్లవాడి ముఖం, ఆ ముఖం మీద నక్షత్రాల్లా మెరుస్తున్న చెమట బిందువులు. 1956లో దీన్ని మళ్లీ వేయబోతే, 1954 నుంచి కామిక్స్‌ను వడపోస్తున్న కోడ్ సంస్థ అతను నల్లవాడై ఉండకూడదని అడ్డుపడింది. అతను నల్లవాడు కావడమే కథంతా అని ప్రచురణకర్త విలియం గెయిన్స్ పట్టుబట్టి, గీత మార్చకుండా అచ్చువేశారు. రచయిత ఆ రంగును ఎంచుకున్నప్పుడు మా కోనసీమ ఆయన ఊహలో కూడా ఉండి ఉండదు. అయినా నీలం జెండా ఎగిరే పేటల మధ్య పెరిగిన నాకు ఆ బొమ్మలను చూస్తూ అలా కూర్చుండిపోవాల్సి వచ్చింది.

ఎందుకంటే మా ఆటలు నాకు గుర్తున్నాయి. లొల్ల లాకుల దగ్గర విడిపోయే కాలువల్లో ఒకటి మా ఊరి పక్క నుంచే పోతుంది. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలయ్యాక ఆ కాలువ గట్టే మాకు రంగస్థలం. ఒక చెయ్యి పైకెత్తి గిరగిరా తిరగడం, కళ్లు తిరిగి గడ్డిలో పడడం, లేచి మళ్లీ తిరగడం. పేట నుంచి వచ్చే ఒక కుర్రాడు మాలో అందరికంటే ఎక్కువసేపు, కాలు తడబడకుండా తిరిగేవాడు. వంతెన మీద నుంచి కాలువలోకి అందరికంటే ముందు దూకేవాడూ వాడే. అయినా ప్రతిసారీ మేం వాడికి ఇచ్చింది విలన్ కిల్విష్ వేషం. హీరో తెల్లగా ఉండాలని ఒకడు, వాడి పేరు బాగోదని ఇంకొకడు. నేను ఏమీ అనలేదు, ఎందుకంటే నా వంతు నాకు వస్తోంది. మాలో ఎవరికీ అది రాజకీయమని తోచలేదు. ఆట అంతే అనుకున్నాం. వేషం ఎప్పుడూ తన వైపే ఉన్నవాడికి ఆ పంపకం కనిపించదు. మొదటిసారి అటు వెళ్లినప్పుడు మాత్రం, ఎవరో ఆటలోకి గొడవ తెచ్చినట్టు ఉంటుంది.

పాత పాఠకుల ఫిర్యాదులో నిజం లేదనను. 2014లో థోర్ పేరు ఒక స్త్రీకీ, కెప్టెన్ అమెరికా డాలు నల్లజాతి హీరో శామ్ విల్సన్‌కూ వెళ్లినప్పుడు, ఎన్నో ఏళ్లుగా తమదనుకున్న పేరును పక్కకు జరిపేశారని బాధపడినవాళ్లందరినీ ద్వేషులని ముద్ర వేయడం అన్యాయం. పేరు పట్ల మనిషికి ఉండే మమకారం ఎంత దూరం వెళుతుందో 2022 మే 24న, జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడంపై అమలాపురంలో ఇళ్లు తగలబడినప్పుడు చూశాం. ఆ మమకారం ఎవరి పేరు పక్కన ఎవరి పేరు చేరినప్పుడు కోపంగా మారుతోందో కూడా అడగాలి కదా. అలాగే పోస్టర్ మీద రంగు మార్చి, లోపల కథను పట్టించుకోని కంపెనీల పని నాకూ నచ్చదు. డబ్బు లెక్కలు మాత్రం ఈ వాదనలో ఎవరికీ అక్కరకు రావు: నల్లజాతి హీరో సినిమా బ్లాక్ పాంథర్ 130 కోట్ల డాలర్లు దాటింది, ఆడవాళ్లే హీరోలైన ది మార్వెల్స్ చతికిలబడింది, ఎవరికి కావలసిన అంకె వాళ్లు ఎత్తి చూపుతారు.

అతికించిన అస్తిత్వానికీ, కథలోంచి మొలిచిన అస్తిత్వానికీ తేడా తెలియాలంటే 2014లో సొంత కామిక్ పత్రికతో వచ్చిన సూపర్ హీరో కమలా ఖాన్‌ను చదవాలి. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబంలో పెరిగే ఈ పదహారేళ్ల పిల్లకు ఎలా కావాలంటే అలా మారే శక్తి వస్తుంది. రాగానే ఏమవుతుంది? తను ఆరాధించే బంగారు జుట్టు తెల్ల హీరోయిన్‌గా మారిపోతుంది. తీరా మారాక ఆ జుట్టు ముఖం మీద పడుతుంది, ఆ దుస్తులు ఒంటికి ఇబ్బందిగా ఉంటాయి, కోరుకున్నది దొరికినా ఊపిరాడదు. తన ఒంట్లో తాను నిలబడడమే ఆ పిల్ల నేర్చుకోవలసిన విద్య. ఆ కథ నుంచి ఆమె పుట్టుకను తీసేస్తే మిగిలేది ఖాళీ ముసుగు.

మొన్న సంక్రాంతికి ఆ పేట స్నేహితుడు కువైట్ నుంచి వచ్చాడు. ఇద్దరం లాకుల దాకా నడిచి వెళ్లాం. ఇన్నేళ్ల తరువాత ఆ ఆట సంగతి ఎత్తడానికి నాకు నోరు పెగల్లేదు గాని, చివరికి అడిగేశాను, గుర్తుందా అని.

"ఎందుకు గుర్తుండదు?" అన్నాడు, నీళ్లకేసి చూస్తూ. "మీరంతా ఇళ్లకి పోయాక మా పెరట్లో, కొబ్బరి చెట్ల వెనకాల, ఒక్కణ్ణే శక్తిమాన్‌లా తిరిగేవోణ్ణి. మా అమ్మ చూసేది."