క్షౌర కత్తి కోసం నేను పడిన పాట్లు

గడ్డం గీసుకోవడానికి మడత కత్తి వాడాలని అనుకున్నప్పుడు, ఆ కత్తిని సంపాదించడంలోనే నా ఓపిక అంతా హరించుకుపోతుందని నేను ఊహించలేదు. నాలుగైదు బ్లేడ్లు పేర్చిన రేజరు నా మెడ మీద ఎప్పుడూ ఎర్రటి పొక్కులు మిగిల్చేది. ఉంగరాలు తిరిగిన వెంట్రుకలు ఉన్నవారికి ఇది తెలిసిన బాధే. ముందున్న బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనుకది దానిని చర్మం మట్టానికి దిగువన కోస్తుంది, ఆ మొన మళ్లీ పెరిగేటప్పుడు వంకర తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఒకే వాదర (కోసే అంచు) ఉన్న కత్తితో ఈ ఇబ్బంది తగ్గవచ్చునని చర్మవైద్యురాలు చెప్పిన మాట పట్టుకుని బయలుదేరాను.

ఏ కత్తి కొనాలన్నది తేల్చుకోవడం సులువుగానే జరిగింది. ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. 4/8 కత్తి తేలిక, 7/8 బరువు, కొత్తగా పట్టేవారికి 5/8 గానీ 6/8 గానీ నప్పుతుంది. కొన చదరంగా ఉంటే చెవి తమ్మె దగ్గర ప్రమాదం కనుక గుండ్రటి కొన మేలు. అలుగు, అంటే కత్తి రేకు, రెండు వైపులా లోపలికి గుంటగా అరగదీసినదై ఉండాలి కానీ, ఆ గుంట మరీ లోతైతే అలుగు పలచబడి అనుభవం లేని చేతికి లొంగదు. స్టెయిన్‌లెస్ ఉక్కు కన్నా కార్బన్ ఉక్కును నూరడం తేలిక, కాకపోతే తడి తుడవకపోతే త్వరగా తుప్పు పడుతుంది.

ఇంత తెలుసుకుని హైదరాబాదు బేగంబజారులో సెలూన్ సామాను అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. యజమాని మొదట హాఫ్ బ్లేడు పెట్టే కత్తి చూపించాడు. హెపటైటిస్ బి, హెచ్ఐవీ భయం వల్ల సెలూన్లలో మనిషికో కొత్త బ్లేడు వాడడం అలవాటైంది, అందువల్ల దుకాణాలన్నీ ఆ రకంతోనే నిండిపోయాయి. సెలూనుకు అది సరైన పద్ధతి. నాకు కావలసింది నూరుకునే కత్తి అని చెప్పగా ఆయన అయిష్టంగా కింది అరలోంచి ఒక పెట్టె తీశాడు. అలుగు మీద బంగారు రంగు పువ్వులు, వాటి మధ్య ‘సోలింగెన్’ అన్న చెక్కుడు ఉన్నాయి గానీ తయారీదారు పేరు ఎక్కడా లేదు. కత్తులకు పేరుపడ్డ జర్మనీ ఊరు సోలింగెన్ పేరుకు 1938 నుంచి చట్టరక్షణ ఉంది, ముఖ్యమైన తయారీ దశలు ఆ ప్రాంతంలో జరిగిన వస్తువుల మీదే ఆ పేరు వేయాలి. అలాంటి పేరును తయారీదారు ఊసే లేకుండా ఎవరైనా చెక్కారంటే అనుమానించక తప్పదు.

కత్తి వంకర తిరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన మార్గం ఉంది. దానిని చదునైన గాజు మీద పడుకోబెడితే వెన్నూ (వాదరకు ఎదురుగా ఉండే మందపాటి అంచు) వాదరా పొడవునా ఆనాలి, ఏ మూల తట్టినా ఊగకూడదు. నేను అనుమతి అడిగి బల్ల మీది గాజుపై పెట్టి చూశాను. కత్తి టకటకమని ఊగింది. యజమాని ముఖం మారిపోయింది. “బంగారం కొంటున్నారా సార్, గీటు పెట్టి చూడడానికి?” అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. మడిచి చూస్తే వాదర పిడి మధ్యకు రాకుండా ఒక పక్కకు ఒరిగి పిడి రేకును తాకుతోంది, మడత దగ్గరి మొల వదులుగా ఉంది. చివరగా నా తలవెంట్రుక ఒకటి తీసి వాదర మీద ఆనించాను. వెంట్రుక తెగలేదు, వంగి పక్కకు జారింది. “ఇది వెంట్రుకలు కోయడానికి కాదు సార్, గడ్డం గీయడానికి!” అని ఆయన అన్న మాటకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. “సెలూన్ పెడుతున్నారా?” అని అడిగాడు. లేదు, ఇంట్లో వాడుకోవడానికే అని చెప్పాను. “మన ఇళ్లలో ఈ పని మనం చేసుకుంటామా?” అంటూ కత్తిని నా చేతిలోంచి లాక్కుని గుడ్డతో తుడిచి, పెట్టె మూసి, మరొక ఖాతాదారుతో మాట్లాడడం మొదలుపెట్టాడు. డబ్బు చేతిలో పట్టుకుని నేను చాలాసేపు అలాగే నిలబడ్డాను. ఎవరి పని మీద తన వ్యాపారం నడుస్తోందో ఆ పనినే ఆయన అంత చులకనగా చూడడం నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. మన ఊళ్లలో గడ్డం గీసినవారే పుండ్లకు, కురుపులకు వైద్యం చేశారు, వారి కుటుంబాలవారే పెళ్లిళ్లలో నాదస్వరం, డోలు వాయించారు. వారి చేతి పనిముట్టు ముట్టుకుంటే నా గౌరవానికి ఏదో లోపం వస్తుందనుకునేవాడి దగ్గర నేను బ్లేడు ముక్క కూడా కొనను, మీరు కూడా కొనకపోతే సంతోషిస్తాను.

కత్తి చివరికి జర్మనీ నుంచి వచ్చింది. కొలోన్‌లో ఉండే మా చెల్లెలు దగ్గరలోనే ఉన్న సోలింగెన్ వెళ్లి, ముందుగానే నూరించిన 5/8 కార్బన్ ఉక్కు కత్తిని కొని, విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టి తెచ్చింది. చేతి సామానులో అయితే భద్రతా సిబ్బంది తీసేసుకుంటారు.

ఆ దుకాణానికి పటిక కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన నా వెంటే బయటకు వచ్చి చెప్పిన సలహాలు మాత్రం ఆ రోజు నాకు దక్కిన లాభం. “కత్తి సంగతి తరువాత బాబూ, ముందు గడ్డం ఎటు మొలిచిందో తడిమి చూసుకోండి” అన్నారు. రెండు రోజుల గడ్డం మీద వేళ్లు నాలుగు దిక్కులా నడిపితే, ఎటు పోతే నునుపుగా, ఎటు పోతే గరుకుగా తగులుతుందో తెలుస్తుంది. నా బుగ్గల మీద వెంట్రుక కిందికి దిగుతుంది, మెడ ఎడమ పక్కన మాత్రం అడ్డంగా చెవి వైపుకు తిరిగింది. పొక్కులన్నీ అక్కడే వచ్చేవి!

ఇక తడి విషయం. ఎండిన వెంట్రుక గట్టిగా ఉంటుంది, నీరు పీల్చుకున్నాక ఉబ్బి మెత్తబడి తక్కువ బలానికే తెగుతుంది. అందుకు కనీసం రెండు మూడు నిమిషాలు పడుతుంది కనుక నేను స్నానం చేసిన వెంటనే గీసుకుంటాను, లేదా గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన తువ్వాలును ముఖానికి కప్పుకుంటాను. కొబ్బరినూనె ముందుగా రాసుకోమని కొందరు అంటారు కానీ నా ముఖం మీద అది నురుగును నిలవనీయలేదు. మా బోరు నీళ్లు నురుగుకు అంతకన్నా పెద్ద శత్రువు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డి కడతాయి, బ్రష్షు ఎంత తిప్పినా నురుగు లేవదు. నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చినప్పుడు ఒక సీసా నిండా పట్టి ఉంచుకోవడం మొదలుపెట్టాక మీగడ లాంటి నురుగు కుదిరింది. బ్రష్షును నానబెట్టి, నీరు విదిల్చి, సబ్బు మీద తిప్పి, ముఖం మీద గుండ్రంగా రుద్దితే వెంట్రుకలు లేచి నిలబడతాయి. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే ఫోములో ఎక్కువ గాలే, దాని జోలికి పోవద్దు.

గీసే ముందు కత్తిని తోలు పట్టీ మీద వెన్ను ముందుకు, వాదర వెనుకకు ఉండేలా లాగి, చివర వెన్ను మీదుగానే తిప్పాలి. వాదర వైపు నుంచి తిప్పితే తోలు తెగుతుంది, పదును పోతుంది. తరువాత ఒక చేత్తో చర్మాన్ని బిగువుగా పట్టి, కత్తిని 30 డిగ్రీల వాలులో ఉంచి, వెంట్రుక మొలిచిన దిక్కుకే నడపాలి. బరువు వేయనక్కరలేదు. ముగిశాక చన్నీళ్లు, తడిపిన పటిక చాలు. మా బావగారు ఖరీదైన ఆఫ్టర్‌షేవ్ రాసుకున్నా నా బుగ్గల నునుపు రాలేదని ఒప్పుకున్నారు. మెడ ఎడమ పక్కన ఇప్పటికీ ఎదురు గీత గీయను. పై పెదవి దగ్గర పాత సేఫ్టీ రేజరే వాడుతున్నాను, అక్కడ కత్తి తిప్పడానికి నా ముక్కు చోటివ్వదు.