తాడు కొస

మన పదో తరగతి వాళ్ళ సమావేశానికి వేసే సంచికకు రెండు పేజీలు రాయమని కమిటీ వారు అడిగి నెల దాటింది. కూర్చుని తలచుకుంటే ఆరు నుంచి తొమ్మిది తరగతుల దాకా నాకు మిగిలినవి వేపచెట్టు నీడ, మధ్యాహ్నం గంట, తాటిముంజె క్యారేజీ, అంతే. లెక్కల పరీక్షనాటి మేక సంగతి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. నేను సోషల్ మాస్టారి గురించి, ఆ దూలం గురించే రాస్తాను.

1985 చివర, మనం పదో తరగతి. వాయుగుండం దాటిన మూడో రోజు. గోస్తని నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక నిలువెత్తున కోసుకుపోయి నల్లటి దూలం ఒకటి, పక్కన మరో రెండు మొదళ్ళు బయటపడ్డాయని పేట పిల్లలు ప్రార్థనకు ముందే వార్త తెచ్చారు. మూడో పీరియడుకల్లా అది డచ్చివారి ఓడ అని బడంతా తేల్చేసింది. భీమిలిలో పుట్టిన పిల్లలం, డచ్చి సమాధుల మధ్య దాగుడుమూతలు ఆడినవాళ్ళం, ఇంకేమనుకుంటాం?

మాస్టారు పుస్తకం మూసి అందరినీ నడిపించుకెళ్ళారు. అది ఓడ అనలేదు, కాదనీ అనలేదు. "తెలియనిదానికి పేరు పెట్టకండర్రా, ముందు కొలవండి" అన్నారు. బడి బావి తాడు తెప్పించారు. మగపిల్లలు నీళ్ళలోకి ఉరికారు, ఆడపిల్లలం గట్టున నిలబడ్డాం. ఆయన వెనక్కి తిరిగి చూసి, నన్ను పిలిచి, తాడు కొస నా చేతికిచ్చారు. ఎందుకు నన్నే పిలిచారో ఈనాటికీ తెలియదు. మోకాలి లోతు నీళ్ళలో, తడిసి బరువెక్కిన పరికిణీతో ఆ కొస పట్టుకుని నిలబడ్డాను. తొమ్మిది మూరల జానెడు. ఆ లెక్క మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు.

నెల తిరిగేసరికి దూలం లేదు, ఇసుక మళ్ళీ పరుచుకుంది. "ఇసుక ఎక్కడికీ పోలేదమ్మా, పక్కింటికి వెళ్ళి వచ్చింది" అన్నారు మాస్టారు. పెద్ద కెరటాలు ఒడ్డున ఉన్న ఇసుకను లాగి కాస్త లోపల తిన్నెగా పోస్తాయట, సముద్రం నెమ్మదించాక చిన్న కెరటాలు దాన్నే కొద్దికొద్దిగా తెచ్చి అప్పగిస్తాయట. విశాఖ రేవు కట్టేటప్పుడు కెరటాలకూ ఇసుకకూ అడ్డంగా రెండు పాత ఓడలనే ముంచారని చెప్పింది కూడా ఆ రోజే.

తరవాత ఇంజనీరింగు, పెళ్ళి, పిల్లలు, పరాయి దేశం. వాటి గురించి ఇక్కడ రాయడానికేమీ లేదు. ఇప్పుడు ఇంగ్లండు దక్షిణ తీరంలో సముద్రపు కోత నుంచి ఒడ్డును కాపాడే పనుల్లో ఉన్నాను. నాతో ఆరుగురు ఇంజనీర్లు పనిచేస్తారు. ఏ ఒడ్డున ఎంత గులకరాయి పోయాలో తేల్చే పటాల మీద చివరి సంతకం నాది.

హేస్టింగ్స్ పక్కన బుల్వర్‌హైత్ అనే చోట నిజంగానే ఒక డచ్చి ఓడ ఉంది. పేరు ఆమ్‌స్టర్‌డామ్. 1749 జనవరిలో, తొలి ప్రయాణంలో, మూడు వందలకు పైగా మనుషులతో బటేవియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, బయలుదేరి, తుఫానులో చుక్కాని పోగొట్టుకుని, నావికుల్లో ఎంతోమంది జబ్బున పడి చనిపోతుండగా అక్కడ ఒడ్డెక్కి కూరుకుపోయింది. అమావాస్యకో పున్నమికో సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు, అదీ ఇసుక పలచబడి ఉంటేనే, దూలాల కొసలు ఓడ ఆకారంలో వరుసగా పైకి కనిపిస్తాయి. మిగతాదంతా కిందే ఉంది. తడి ఇసుకలో, బురదలో గాలి ఆడదు, కొయ్యను తొలిచే పురుగు బతకదు. కప్పుకున్నన్నాళ్ళూ ఓడకు చావులేదు, బయటపడ్డ ప్రతిసారీ కొంత అరిగిపోతుంది. 1969లో అక్కడ పనిచేస్తున్నవారు యంత్రంతో తవ్వితే సీసాల్లో ద్రాక్షసారా ఇంకా ఉంది.

అందులో పెట్టెలకొద్దీ వెండి ఉండేది. మన తీరం బట్టలు కొనడానికి డచ్చివారు తెచ్చేది అలాంటి వెండే. ఆ ఓడ క్షేమంగా చేరి ఉంటే, అందులో కొంతైనా తిరిగి తిరిగి మన నేతగాళ్ళ ఇళ్ళకు వచ్చేదేమో అనిపించి, మొదటిసారి చూసిన రోజున ఆ చలిలో చాలాసేపు నిలబడిపోయాను. పరిశోధకులు అక్కడ తవ్వకాలు జరిపింది 1984 నుంచి 1986 వరకు. అంటే మనం బావి తాడు పట్టుకున్న ఏడు వాళ్ళూ అక్కడ కొలుస్తూనే ఉన్నారు. ఈ ఒక్క సంగతి మాస్టారికి చెప్పాలని ఎంత ఉండేదో. నేను చేరేసరికి ఆయన లేరు.

ఆ రోజు నేను గీసిన పటం మాస్టారు తరగతి గోడకు అంటించారు. వీడ్కోలు నాడు దాన్ని ఎవరో తీసుకున్నారు. ఎవరి దగ్గరున్నా సమావేశానికి తీసుకురండి. భోజనాలయ్యాక మొగ దాకా నడుద్దాం. తాడు నేను తెస్తాను.