ఘాట్ రోడ్డులో కనిపించని యాభై కోట్ల ఏళ్లు

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవుండదు. దర్శనం టికెట్లు వాళ్లే బుక్ చేసుకుంటారు, కొండకు తీసుకెళ్లడం మాత్రం నా డ్యూటీ. మెడికల్ షాపు తమ్ముడికి అప్పజెప్పి బండి తీస్తాను. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి ఘాట్ రోడ్డులో ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ రోడ్డు పక్కనున్న రాళ్ల సంగతి మాత్రం మా అక్క కూతురు అడిగేదాకా పట్టలేదు.

అది గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతోంది. ఒకరోజు ఫోన్ చేసి, "మామా, తిరుమల ఘాట్ రోడ్డులో జాతీయ భూవైజ్ఞానిక స్మారకం ఒకటుంది, ఏంటో చెప్పు" అంది. శిలాతోరణం అన్నాను. "అది పైన గుడి దగ్గర. నేనడిగేది ఘాట్ రోడ్డులోది. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ, అంటే పాత రాయికీ దాని మీది కొత్త రాయికీ మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ" అని తనే చెప్పి పెట్టేసింది. దానికి అదొక బిట్టు, ఒక మార్కు. నాకు మాత్రం అక్కడితో తీరలేదు.

మీరు తిరుపతిలో ఉంటే, వాన వెలిసిన పొద్దున కపిలతీర్థం రోడ్డులో నిలబడి కొండను చూడండి. కింది సగం ఏటవాలుగా, పొదలతో, గుండ్రటి బండలతో ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఉన్నట్టుండి వాలు ఆగిపోయి రాయి నిటారుగా లేస్తుంది. ఆ నిటారు భాగంలో అడ్డంగా పొరలు పొరలుగా చారలు కనిపిస్తాయి. కిందిది గ్రానైటు. పైది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైంది. రెండూ కలిసే గీతే ఆ స్మారకం. దానికి గోపురం లేదు, విగ్రహం లేదు, టోకెన్ అక్కర్లేదు.

కింది గ్రానైటు వయసు 200 కోట్ల ఏళ్లకు పైమాటే. పై పొరలు 150 కోట్ల ఏళ్లు దాటినవి. రెంటి మధ్య తేడా తక్కువలో తక్కువ 50 కోట్ల ఏళ్లు. మరి ఆ 50 కోట్ల ఏళ్లలో ఇక్కడ ఏమీ జరగలేదా అంటే, జరిగింది. అప్పటికి నేల మీద చెట్టు లేదు, గడ్డి లేదు. మట్టిని పట్టి ఉంచే వేరు లేదు. వాన పడితే కొండ కరిగి కొట్టుకుపోవడమే. అలా అరిగి అరిగి చదునైన గ్రానైటు మీదికి తర్వాతెప్పుడో నీళ్లొచ్చి ఇసుక పరిచాయి. పాత ఇల్లు కూలగొట్టి, చదును చేసి, ఆ నేల మీదే కొత్త ఇల్లు కట్టినట్టు. పాత ఇంటి గోడలు ఎంత ఎత్తుండేవో ఇప్పుడు కొలవడానికి ఏమీ మిగల్లేదు.

స్కాట్లాండ్‌లో సికార్ పాయింట్ అని సముద్రం ఒడ్డున ఒక చోటుంది. 1788లో జేమ్స్ హట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త స్నేహితులను పడవలో తీసుకెళ్లి, నిలువు పొరల మీద అడ్డ పొరలు కూర్చున్న రాయి చూపించాడు. భూమి వయసు వేలల్లో కాదు, మన ఊహకందనంత ఎక్కువని వాదించడానికి ఆ రాయి ఆయనకు మంచి సాక్ష్యం. ప్రపంచంలో జియాలజీ చదివే ప్రతివాడికీ ఆ చోటు తెలుసు. అక్కడి ఖాళీ సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లు. మన కొండ మీద దానికి ఏడెనిమిది రెట్లు! అయినా మనం కిటికీ అద్దం మూసుకుని, వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూస్తూ దాటిపోతాం.

మా పిన్నమ్మకు ఇదంతా చెబితే, "ఇది ఆదిశేషుడురా, నువ్వు రాయి రప్ప అంటావేంది" అని కసిరింది. నేను ఎదురు చెప్పలేదు. కాసేపటికి తనే కిటికీలోంచి చూస్తూ, "అయితే ఇసుకంటున్నావే, సముద్రం ఈడిదాకా వచ్చిందా?" అని అడిగింది. గవ్వలుంటాయా అని ఇంకో ప్రశ్న. ఉండవు పిన్నమ్మా, అప్పటికి గవ్వ కట్టుకునే జీవమే పుట్టలేదు అంటే, కొండను ఇంకోసారి ఎగాదిగా చూసింది.

క్వార్ట్‌జైట్ ముక్క ఒకటి రోడ్డు పక్క కంకరలోంచి తీసి చూశాను. విరిగిన చోట చక్కెర పలుకుల్లాంటి మెరుపు, లేత గులాబీ రంగు. అంచు మీద వేలు పెడితే కోసుకుంటుంది. గట్టి రాయే, కానీ పెళుసు. కొండ నిండా నిలువు పగుళ్లు, అడ్డ పగుళ్లు. నవంబరు వానలకు ఆ సందుల్లోకి నీళ్లు దిగుతాయి, వేర్లు దిగుతాయి, బండలు కదులుతాయి. 2021 నవంబరులో ఊరంతా నీళ్లలో మునిగిన వానలు గుర్తున్నాయి కదా. ఆ తర్వాత డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు పడి రోడ్డే పగిలింది. ఇప్పుడు వాన గట్టిగా పడుతుంటే చుట్టాలు ఎంత తొందరపెట్టినా నేను బండి తీయను. ఇనప వలలు, బోల్టులు కడతారు, కట్టాలి కూడా. కొండను తొలిచి రోడ్డు వేశాక ఆ ఖర్చు ఎప్పటికీ తప్పదు.

ఎర్రచందనం కూడా ఈ రాళ్ల నేలనే ఎంచుకుంది. శేషాచలం, వెలిగొండ, లంకమల, ఇలా మన తూర్పు కనుమల దక్షిణపు కొసలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది సహజంగా పెరగదు. పేపర్లో దాని దొంగల గురించే చదువుతాం, అది నిలబడిన నేల గురించి ఎవరూ రాయరు.

2025 సెప్టెంబరులో తిరుమల కొండలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలతో పాటు. సంతోషమే. కానీ జాబితాలో పేరు చేరినంత మాత్రాన రాయికి కాపలా దొరకదు. ఇలాంటి చోట్లను కాపాడేందుకు 2022లో కేంద్రం ఒక బిల్లు ముసాయిదా పెట్టింది. నేను మాత్రం ఘాట్ రోడ్డు రాళ్ల మీద తెల్ల పెయింటుతో రాసిన ప్రేమ జంటల పేర్లు చూస్తున్నాను. శిలాతోరణానికి కంచె ఉంది కాబట్టి 8 మీటర్ల వెడల్పున్న ఆ తోరణం కింద ఎవరూ చెక్కలేదు. ఘాట్ రోడ్డంతా కంచె కట్టలేం.

చూడాలనుకుంటే దిగేటప్పుడు చూడండి. దిగడానికి టైమ్ పెట్టారు, ముందే కిందికొస్తే ఫైన్, కాబట్టి తొందరపడి లాభం లేదు. కొండ వైపు సీటు పట్టుకోండి. మధ్యలో బండి ఆపి ఫోటోలకు దిగకండి, వెనకొచ్చే బస్సుకు బ్రేకు పడదు. డ్రైవింగ్ మీదైతే అసలు చూడకండి, పక్కన కూర్చున్నవాళ్లను చూసి చెప్పమనండి.