ఫొటోల వెనక తాత రాసినవి

ఫొటో చేతికి రాగానే వెనక్కి తిప్పి, అందులో ఎవరెవరున్నారో, ఎక్కడ తీశారో పెన్సిలుతో రాసి పెట్టడం మా తాతకి అలవాటు. ఆ రాతలు చదవగలిగినవాళ్ళం మా ఇంట్లో ఇప్పుడు కొద్దిమందిమే మిగిలాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు మా ఊరు పర్లాకిమిడి ఒడిశావైపు వచ్చింది. తాత చదువంతా తెలుగులోనే. నాన్నకి రెండు భాషలూ వచ్చు. మేము బడిలో ఒడియా చదువుకుని, తెలుగు అక్షరాలు ఇంట్లో తాత దగ్గర దిద్దుకున్నాం. మా తర్వాతి పిల్లలకి దిద్దించేవాళ్ళు లేకపోయారు. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం చూస్తూ ఊరుకుంటారు. పోయిన వేసవిలో మా చిన్నాన్న మనవడు పూణే నుంచి వచ్చి, ఒక ఫొటో వెనక్కి తిప్పి "ఇదేటి రాసుంది పెద్దమ్మా?" అని అడిగాడు. చదివి చెప్పాను. "మిగతావాటి మీద?" అన్నాడు. ట్రంకుపెట్టె మొత్తం దింపాల్సి వచ్చింది.

ఆ పెట్టెలో ఉన్నవి చాలావరకు నాన్న తీసినవి. ఆయనకి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. 120 ఫిల్ము, రోలుకి 12 ఫొటోలు, అంతే. ఫిల్ము కొనడం, కడిగించడం అన్నీ ఖర్చే కాబట్టి ఊరికే నొక్కేవారు కాదు. సంక్రాంతికో, ముఖలింగం తీర్థం నుంచి వచ్చాకో పిల్లలందర్నీ అరుగు మీద నిలబెట్టి, "ఎవుళ్ళకి ఇష్టమైన బొమ్మ వాళ్ళు పట్టుకోండి" అనేవారు. అందుకే మా ఇంటి ఫొటోల్లో ముఖాలు ఎన్నో బొమ్మలూ అన్ని ఉంటాయి. వేరే ఇళ్ళ ఆల్బముల్లో పిల్లలు చేతులు కట్టుకుని బిగుసుకుపోయి ఉంటారు. మావాళ్ళు మాత్రం చేతిలో ఏదో ఒకటి పట్టుకుని, దాన్నే చూసుకుంటూ ఉంటారు. నాన్న చేసిన పనులన్నిటిలో నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు కనుక్కున్నవి కొన్ని చెప్తాను, మీ ఇంట్లోనూ పెట్టె ఉంటే పనికొస్తాయి. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరాకే ఫొటో ముట్టుకోవాలి, అదీ అంచులు పట్టుకుని. దుమ్ముంటే మెత్తని పొడి కుంచెతో దులపాలి. తడిగుడ్డ వద్దు. ఫొటో పైపొర జెలటిన్, తడి తగిలితే ఉబ్బి జిగురవుతుంది. క్లిక్ త్రీ ఫొటోలు నలుచదరంగా రెండుంపావు అంగుళాలే ఉంటాయి. అంత చిన్నదాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే పక్కకి 1350 పిక్సెళ్ళే వస్తాయి, ఫోన్‌లో చూసుకోవడానికి సరిపోతాయి, పెద్దగా ముద్రించుకోవడానికి చాలవు. నేను వాటికి 1200 పెట్టాను. ముందువైపు ఒకసారి, వెంటనే వెనకవైపు ఒకసారి. వెనకవైపు రాత లేకపోయినా స్కాన్ చేశాను, స్టూడియో ముద్రో, ఒక మరకో ఉన్నా పక్క ఫొటో ఏ రోలుదో పోల్చుకోవడానికి అదే ఆధారం అవుతుంది.

పాత నలుపు తెలుపు ఫొటోలే బాగా నిలిచాయి. 1980ల్లో బరంపురంలో కడిగించిన రంగు ఫొటోలన్నీ ఎర్రబారిపోయాయి. వాటిలోని నీలి రంగు ముందుగా వెలిసిపోతుంది, అందుకే అందరి ముఖాలూ కుంకుమ చల్లినట్టు కనిపిస్తాయి. పైగా అవి జిగురు పేజీల ఆల్బములో ఉన్నాయి. ఊడదీస్తే చిరుగుతాయనిపించి, ఫొటోకీ పేజీకీ మధ్య సన్నటి దారం పెట్టి మెల్లగా అటూ ఇటూ లాగాను. రానివాటిని పేజీతోనే స్కాన్ చేసి వదిలేశాను.

అన్నిటికంటే భయపెట్టింది గోడ మీది పటం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద విరుచుకుపడింది. మహేంద్రతనయ నది పొంగింది. గోడలు వారాల తరబడి ఆరలేదు. తాత, మామ్మ కూర్చుని ఉండగా వాళ్ళ కాళ్ళ దగ్గర మా నాన్న కర్ర గుర్రంతో నిలబడ్డ ఫొటో ఆ చెమ్మకి ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. ఫ్రేములు కట్టే అతను "లాగేద్దామమ్మా, వచ్చేస్తది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. వెనక అట్ట, మేకులు తీసి, అద్దంతో సహా స్కానర్ మీద పెట్టాను. నాన్న భుజం దగ్గర అంటుకున్న చోట చిన్న తడిమచ్చ కనిపిస్తుంది, మిగతాదంతా చక్కగా వచ్చింది. గుర్రానికి మెడ దగ్గర కట్టిన గంట కూడా తెలుస్తోంది. పటం ఇప్పటికీ ఆ అద్దంతోనే ఉంది, గోడకి ఆనకుండా వెనక రెండు చెక్కముక్కలు కొట్టించాను.

స్కాన్లు అయ్యాక ఒక స్టూడియోలో వాటిని "కొత్తగా" చేసిస్తామన్నారు. నమూనాకి మామ్మ ఫొటో ఒకటి ఇచ్చాను. మామ్మ నుదుటి మీద గీతలన్నీ తుడిచేశారు, పళ్ళు తెల్లగా మెరిపించారు, చీరకి నీలం రంగు వేశారు. అమ్మకి చూపిస్తే రెండు క్షణాలు చూసి "ఎవురే ఈవిడ?" అంది. ఆ చీర నీలం కాదట. బరంపురం పట్టు, ముదురు కుంకం రంగు, ఆకుపచ్చ అంచు. తన పెళ్ళి చూపుల నాడు అత్తగారు కట్టుకున్న చీర అదేనని అమ్మకి బాగా గుర్తు. కంప్యూటరుకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? తెలియని రంగు వేసి, ఉన్న ముఖాన్ని తీసేస్తే దాన్ని బాగుచేయడం అనరు. ఆ పని అక్కడితో మానిపించాను. గీత పడితే గీతతోనే, మరక ఉంటే మరకతోనే దాచాను. అమ్మ చెప్పిన చీర రంగు మాత్రం ఫొటో వివరంలో రాశాను.

పేర్లు పోల్చే పని ఇంతకంటే కష్టమవుతుందనుకున్నాను. తాత రాయని ఫొటోలు కూడా చాలా ఉన్నాయి. అమ్మకి ఫొటో ఒక్కటే చూపిస్తే "ఇది మీ అత్త, వీడు మీ చిన్నాన్న" అని ఊరుకునేది. ఒకరోజు అటక మీద గోనెసంచిలో లక్కపిడతలు దొరికాయి. అవి తెచ్చి ఒళ్ళో పెట్టి, ఫొటో పక్కన పెట్టాను. ఇక అమ్మ ఆగలేదు. ఏ ఏడాది తీర్థంలో కొన్నారో, బేరం ఎవరు ఆడారో, ఏ గిన్నె కోసం ఎవరు ఏడ్చారో అన్నీ వచ్చాయి. శివరాత్రికి ముఖలింగం వెళ్ళి, వంశధారలో చక్రతీర్థ స్నానాలయ్యాక బొమ్మల దుకాణాల దగ్గర పిల్లలు కదిలేవారు కాదట. అప్పటి నుంచి ఒట్టి ఫొటో పట్టుకుని ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. బొమ్మ దొరికితే బొమ్మ, లేకపోతే అలాంటిదే ఇంకొకటి పట్టుకెళ్ళాను. చేతిలో వస్తువు ఉంటే పెద్దవాళ్ళ జ్ఞాపకం వేరేగా నడుస్తుంది. ఇది నాకు గట్టిగా నమ్మకం.

ఆ లక్కపిడతల్లో ఒక చిన్న కుండ ఉంది, నా బొటనవేలంత. ఎరుపు మీద పసుపు గీతలు రెండు. గీత మొదలైన చోట, ముగిసిన చోట కలవలేదు, వెంట్రుకవాసి తేడా ఉంది. కర్ర గిరగిరా తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనించి, ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకునేలా వేస్తారు, పైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఏటికొప్పాకలోనూ పని ఇదే తీరు. ఆ వెంట్రుకవాసి తేడా చేసినవాడి చెయ్యి ఆగిన చోటు. ఇలాంటివి మీ దగ్గరుంటే పొడిగుడ్డతోనే తుడవండి. శానిటైజర్, స్పిరిట్ అసలు దగ్గరికి రానివ్వకండి, లక్క అందులో కరుగుతుంది. ఎండలోనూ పెట్టకండి.

ఇంకొకటి కొమ్ము కొంగ. మా ఊరు కొమ్ము పనికి పేరు. దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేసేవారు. కొమ్మును వేడి చేసి మెత్తబరిచి మెడ వంచుతారు. మా కొంగకి ఒక కాలు పోయింది, రెక్క దగ్గర పురుగు తిన్న చిల్లులున్నాయి. ఉన్నిబట్టలు తినే పురుగులే కొమ్మునీ తింటాయి. దాన్ని విడిగా బిగువు మూత డబ్బాలో పెట్టాను. అతికించలేదు.

చిన్నాన్నది అగ్గిపెట్టెల రైలు. ఫొటోలో పర్లాకిమిడి స్టేషన్లో నిజం ఇంజను ముందు కూర్చుని, తన రైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. నౌపడా నుంచి రెండున్నర అడుగుల పట్టాల మీద చిన్న రైలు 1900లో మా ఊరికి వచ్చింది, 1931లో గుణుపురం దాకా వెళ్ళింది, 2004లో పెద్ద లైను కోసం ఆపేశారు. ఆ అగ్గిపెట్టెలు ఎప్పుడో పోయాయి. నేను బరంపురం వెళ్ళినప్పుడు ఖాళీ అగ్గిపెట్టెలు కొన్ని పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. చిన్నాన్న మాట్లాడుతూనే వాటికి దారం గుచ్చడం మొదలుపెట్టాడు. ఒక పెట్టె మాత్రం తెరిచి ఉంచాడు. "ఇది బొగ్గు పెట్టె. డ్రైవరు ఒకసారి నన్ను ఎత్తుకుని లోపల మంట చూపించాడే అప్పా, ఆ వేడికి కనుబొమలు చురుక్కుమన్నాయి" అన్నాడు. అప్ప అంటే మావైపు అక్క. నన్ను ఇప్పటికీ అలాగే పిలుస్తాడు. పూణే మనవడు పక్కనే కూర్చుని ఫోన్లో ఆ మాటలన్నీ రికార్డు చేశాడు.

అక్కడే దారి దొరికింది. రాసింది చదవలేని పిల్లలకి రాసి పంపడం దేనికి? ప్రతి ఫొటోకీ ఒక మాటల ఫైలు పెట్టాం. ముందు తాత వెనక రాసింది నేను ఉన్నదున్నట్టు చదువుతాను, తర్వాత అందులో ఉన్నవాళ్ళో, తెలిసినవాళ్ళో మాట్లాడతారు. రెండు ఫైళ్ళకీ ఒకే పేరు: ఏడాది, ఊరు, మనుషులు. ఏడాది సరిగా తెలియకపోతే "సుమారు" అని పెట్టాం. పిల్లలకి పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంటులా పంపించాను. లేకపోతే అది కుదించేస్తుంది, గంటా గీతా ఏవీ మిగలవు. అసలు ఫైళ్ళు ఒక హార్డ్‌డిస్కులో మా ఇంట, ఇంకొకటి పూణేలో. తుపానులొచ్చే ఊళ్ళో అన్నీ ఒకే ఇంట్లో ఉంచడం నాకు ఇష్టం లేదు.

పంపే ముందు ప్రతి ఒక్కరినీ అడిగాను. పసిపిల్లలకి నీళ్ళు పోస్తున్న ఫొటోలు ఆ పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళు, వద్దన్నారు. పక్కన పెట్టేశాను. ఒక ఫొటో విషయంలో మాత్రం చాలా రోజులు నోరు రాలేదు. రాయగడ అత్త పెద్దకూతురు ఆరేళ్ళకే జ్వరంతో పోయింది. తను లక్కపిడతలు ముందు పెట్టుకుని కూర్చున్న ఫొటో ఒకటి ఉంది. అందులో ఆ ఎర్ర కుండకి మూత ఉంది. ఇప్పుడు లేదు. తాత వెనక ఆ పిల్ల పేరు, కింద "వంట చేస్తోంది" అని రాశారు. అత్త దగ్గర ఆ ఫొటో లేదని నాకు తెలుసు. అందరికీ పంపకుండా, ముందు ఫోన్ చేసి "అత్తా, ఇలాంటిది ఉంది, చూస్తావా?" అన్నాను.

అత్త వెంటనే పంపమంది. మర్నాడు తనే ఫోన్ చేసి, ఆ కుండలో అటుకులూ బెల్లం వేసి, కిందా మీదా కలిపి, వీధిలో పిల్లలందరికీ ఆకుల మీద పెట్టేదని, కాకులకి కూడా ఒక ఆకు వేసేదని, మూత ఆ పిల్లే నీళ్ళ తొట్టిలో పడేసిందని ఒక్క ఊపిరిలో చెప్పింది. "అందరికీ పంపు. దాని పేరు ఇప్పటి గుంటలకి తెల్దు" అంది. ఆ ఫైలులో నేను చదివింది రెండు ముక్కలే, మిగతా అంతా అత్త గొంతే.

అత్త దగ్గర కూడా ఒక పెట్టె ఉందట, అందులో నాన్న ప్రింటు వేయించని నెగెటివ్‌లు కాగితం కవర్లలో ఉన్నాయట. ఇప్పుడే తీసి చూస్తానంది. వానాకాలం గాలిలో చెమ్మ, ఒకదానికొకటి అంటుకుని ఉంటే విడదీయబోయి చింపేస్తాం, పొడి రోజులు రానీ, నేనే వచ్చి తీస్తాను అన్నాను. "అయితే సంకురాత్రికి రా. మీ అమ్మనీ తీసుకురా. ఆ కుండ కూడా పట్టుకురా, అటుకులు నా దగ్గరున్నాయి" అంది.